నట్టు మార్చే ముందు డయల్ గేజ్ పెట్టండి

సందేహం: ఇంట్లో చేసుకున్న సీఎన్‌సీ రౌటర్‌లో (కంప్యూటర్ ఆజ్ఞలతో చెక్క చెక్కే మిషన్) 20 మి.మీ. గుండ్రం కోస్తే నాలుగు వైపులా చిన్న మెట్లు పడి 19.8 వస్తోంది. స్టెప్స్ పర్ ఎంఎం (1 మి.మీ. జరగడానికి మోటారు వేసే అడుగులు) 400 నుంచి 404కి మార్చాను, సరిగ్గా 20 వచ్చింది. ఇప్పుడు 200 మి.మీ. నేమ్‌బోర్డు 201.8 వస్తోంది. యాంటీ బ్యాక్‌లాష్ నట్టు కొనాలా?

ముందు ఆ 404 తీసేసి 400 పెట్టండి. అడిగేవాళ్ల ఊరు మారుతుందేమో గానీ, ఈ ప్రశ్న మాత్రం మారకుండా వస్తూనే ఉంది. బ్యాక్‌లాష్ అంటే మోటారు దిశ మార్చినప్పుడు వృథాగా పోయే కదలిక. ముక్క 20 అయినా 200 అయినా పోయేది అదే 0.2. ముక్క పెద్దదయ్యేకొద్దీ తేడా కూడా పెరుగుతుంటే అప్పుడు స్టెప్స్ లెక్కను అనుమానించాలి. మీరు ఒక జబ్బుకు ఇంకో జబ్బు మందు వేశారు. 20 దగ్గర రెండు తప్పులూ చెల్లుకు చెల్లు అయ్యాయి, 200 దగ్గర బయటపడ్డాయి.

ఇక నట్టు. మోటారు తిప్పే పొడవాటి స్క్రూ మీద నడుస్తూ క్యారేజీని, అంటే కదిలే బండిని, జరిపేది అదే. అందరి అనుమానమూ దాని మీదే. కానీ చాలా మిషన్లలో లూజు స్క్రూ చివర్లలోనూ ఉంటుంది. 0.01 మి.మీ. కదలికనూ చూపే డయల్ గేజ్, దాన్ని నిలబెట్టే మాగ్నెటిక్ బేస్ తెచ్చుకోండి. మోటార్లు ఆగినప్పుడు కూడా పట్టు వదలకుండా మిషన్‌ను నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో $1 అనే సెట్టింగు విలువ 255 చేయండి. గేజ్ ముల్లు క్యారేజీకి ఆనించి, ఒకే దిశలో మూడు నాలుగు సార్లు 1 మి.మీ. చొప్పున జరిపి సున్నా చేయండి. తర్వాత 1 మి.మీ. వెనక్కి పంపండి. గేజ్ 0.82 చూపిస్తే 0.18 ఎక్కడో పోయింది. స్క్రూ మధ్యలో ఒకసారి, రెండు చివర్లలో ఒక్కోసారి చూడండి. మధ్యలోనే ఎక్కువ వస్తే నట్టు కాదు, అక్కడ స్క్రూయే అరిగింది.

ఆ తర్వాత గేజ్‌ను స్క్రూ కొనకు ఆనించి క్యారేజీని చేత్తో ముందుకూ వెనక్కూ తోయండి. స్క్రూ మొత్తం పొడవునా జరిగితే దోషం బేరింగులదీ, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగుదీ. జరగకుండా కొద్దిగా తిరుగుతోందంటే కప్లింగు గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న బిగింపు మర) వదులైంది. రెండూ లేకుండా క్యారేజీ మాత్రమే కదిలితే అప్పుడు నట్టును తిట్టండి.

చౌక కిట్లలో స్క్రూ బరువంతా మోటారు షాఫ్టూ, స్ప్రింగులా చీల్చిన అల్యూమినియం కప్లింగూ మోస్తుంటాయి. ఆ కప్లింగు అడ్డంగా వంగడానికి చేసింది, పొడవునా లాగితే సాగుతుంది. మోటారు లోపల కూడా షాఫ్టు పొడవునా కొంచెం ఆడుతుంది. మందు చవకే. 8 మి.మీ. స్క్రూకు ఎఫ్8-16ఎం థ్రస్ట్ బేరింగులు (పొడవునా వచ్చే తోపును ఆపేవి) రెండు, లాక్ కాలర్లు (స్క్రూ మీద బిగించే ఉంగరాలు) రెండు. మోటారు వైపు ప్లేటుకు అటొకటి ఇటొకటి బేరింగు పెట్టి, కాలర్లను వేళ్లతో దగ్గరికి నొక్కి పట్టుకుని బిగించండి. గ్రబ్ స్క్రూ కూర్చునే చోట స్క్రూ మీద ఆకురాయితో చిన్న చదును తీయండి, లేకపోతే వారానికోసారి జారుతుంది. రెండో చివర బేరింగులో స్క్రూను పొడవునా స్వేచ్ఛగా వదిలేయాలి. రెండు చివర్లా బిగించేస్తే వంకర పడి మోటారు ఆగిపోతుంది.

టీ8 (8 మి.మీ.) స్క్రూల్లో ఎక్కువ దొరికేవి పిచ్ (పక్కపక్క గాళ్ల మధ్య దూరం) 2, లీడ్ (ఒక్క చుట్టుకు నడిచే దూరం) 8 ఉన్న, నాలుగు గాళ్లు పక్కపక్కనే సాగే రకం. ఒక్క చుట్టుకు 8 మి.మీ. నడుస్తుంది కాబట్టి కప్లింగు దగ్గర 5 డిగ్రీల లూజు ఉన్నా 0.11 మి.మీ. పోతుంది. లీడ్ 2 రకంలో అదే లూజుకు పోయేది 0.03 లోపే. వేగం తగ్గుతుంది, స్టెప్స్ 1600 చేయాలి. చెక్క మీద చెక్కుకునేవాళ్లకు అంత వేగంతో పనేమిటి?

నట్టే దోషి అని తేలితే, స్ప్రింగు ఇత్తడి నట్టు కంటే బిగింపు స్క్రూ ఉన్న పీఓఎం (గట్టి ప్లాస్టిక్) నట్టు మేలు. కోత బలం స్ప్రింగు బలాన్ని దాటిన క్షణం ఆ బ్యాక్‌లాష్ తిరిగొస్తుంది. క్యారేజీకి లగేజీ తూకం తగిలించి లాగి చూడండి, ఎన్ని కిలోల దగ్గర గేజ్ కదిలిందో అదే మీ హద్దు. పీఓఎం నట్టును పావు చుట్టు చొప్పున బిగిస్తూ, స్క్రూ వేళ్లతో కొంచెం బిగుతుగా తిరిగేదాకా వెళ్లి ఆపండి. చివర్లలో మాత్రమే పట్టేస్తుంటే తప్పు బిగింపుది కాదు. నట్టును క్యారేజీకి పట్టే మరలు నాలుగూ వదులు చేసి, క్యారేజీని మోటారు దగ్గరికి తెచ్చి అక్కడ బిగించండి. అలాగే గ్రీజు బాగా పూయకండి. ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) పొడి కలిస్తే అది సానపట్టే ముద్ద అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో సరిచేయలేమా అంటారు. లైనక్స్‌సీఎన్‌సీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది, అసలు జీఆర్‌బీఎల్‌లో లేదు. ఉన్నా అది రంధ్రాలు వేయడానికే నయం. నట్టు ఆ సందులో తేలుతూనే ఉంటుంది, క్లైంబ్ కోతలో (బిట్టు తిరిగే దిశలోనే ముక్క కదిలే కోత) బిట్టే బల్లను ముందుకు లాక్కుంటుంది. లూజు తీసేదాకా దానికి ఎదురైన కన్వెన్షనల్ దిశలోనే కోయండి. అన్నట్టు, ప్రకటనల్లో ‘0.01 ఖచ్చితత్వం’ అని రాసేవాళ్లు చెప్పేది మోటారు అడుగు లెక్క. దానికీ మీ చెక్క ముక్కకూ సంబంధం లేదు.

సందేహం: బాల్ స్క్రూ (నట్టులో బంతులు దొర్లే రకం) వేస్తే అన్నీ తీరిపోతాయా?

చాలావరకు. 1605 (16 మి.మీ. వ్యాసం, లీడ్ 5) వేస్తే స్టెప్స్ 640 అవుతాయి. నట్టును స్క్రూ మీంచి తీయాలంటే స్క్రూ గాడి అడుగు వ్యాసానికి దాదాపు సమానమైన గొట్టం ఆనించండి, లేకపోతే బంతులు నేల మీద ఏరుకోవాలి. పైకీ కిందికీ కదిలే జెడ్‌కు వేస్తే కరెంటు పోగానే స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) కిందికి జారుతుంది, బ్రేకో స్ప్రింగో కావాలి.

సందేహం: మిషన్‌ను నడపడానికి వై-ఫై బోర్డు పెట్టాను. ఆఫీసు నుంచి ఫోన్‌లో నడపడానికి ఇంటి ఇంటర్నెట్ రౌటర్‌లో పోర్ట్ తెరిచాను. ప్రమాదమా?

ఇప్పుడే మూసేయండి. బ్యాక్‌లాష్ పాడుచేసేది చెక్కను, ఇది వేళ్లను తీస్తుంది. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 12345678. కొన్ని టెల్నెట్ (దూరం నుంచి ఆజ్ఞలు పంపే పాత దారి) పోర్ట్ 23లో ఎవరు పంపినా అడగకుండా జీకోడ్ (మిషన్‌కిచ్చే ఆజ్ఞలు) తీసుకుంటాయి. ఇంట్లో ఎవరో బిట్టు మారుస్తుండగా, ఎక్కడి నుంచో ‘ఎం3 ఎస్10000’ అని ఒక్క వరుస వస్తే చాలు, స్పిండిల్ తిరగడం మొదలవుతుంది. ఇలాంటి బోర్డు అమ్మేవాళ్లకు తొలిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చమని అడిగే నాలుగు వరుసల కోడ్ రాయడం అంత బరువా? మీ వంతుగా పాస్‌వర్డ్ మార్చండి, టెల్నెట్ ఆపండి, బోర్డును ఇంటి ఫోన్లు కంప్యూటర్లు లేని గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచండి. యూఎస్‌బీ డ్రైవర్ కోసం యాంటీవైరస్ ఆపమనే లింకులు నొక్కకండి. బోర్డు మీది సీహెచ్340 యూఎస్‌బీ చిప్ డ్రైవర్ చాలాసార్లు విండోస్ అప్‌డేటే తెస్తుంది.

వీపీఎన్ పెట్టినా సరే, దూరం నుంచి చూడటం వరకే. మొద్దుబారిన బిట్టు ఎండీఎఫ్‌లో ఇరుక్కుంటే పొగ, ఆ తర్వాత మంట. స్క్రీన్ మీది ఎర్ర బటన్ ఎమర్జెన్సీ స్టాప్ కాదు. నొక్కితే తెగే పుట్టగొడుగు స్విచ్ కొని, స్పిండిల్ సరఫరాకూ మోటారు సరఫరాకూ కలిపి వేయండి. బోర్డు సరఫరాను మాత్రం విడిగా ఉంచండి, ఆగింది ఎందుకో అదే చెబుతుంది.