కాలనీలో గంజాయి అమ్ముతున్నారు, ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోవాలా?

వీధి చివర గంజాయి అమ్ముతున్నారు, పోలీసులకు చెప్పాలంటే భయం, ఇల్లు అమ్మేసి వేరే చోటికి పోదామా అని అడిగారు. అమ్మకండి. మాది మిర్యాలగూడ. మా కాలనీలో ఇదే కారణంతో ఇల్లు తక్కువకు అమ్ముకుని పోయినవాళ్ళు ఉన్నారు, పోయిన చోట కూడా ఇదే గోల అని ఇప్పుడు ఫోన్ చేసి ఏడుస్తున్నారు. సీలేరు, చింతపల్లి, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి హైదరాబాద్ పోయే సరుకులో చాలా భాగం మన జిల్లాల మీదుగానే పోతుంది. సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల దాటేలోపు కొంత మన ఊళ్ళలో దిగకుండా ఉంటుందా?

మా ఇళ్ళ వెనకాల ఒక పాత వెంచర్ ఉంది. ప్లాట్లు కొన్నవాళ్ళంతా హైదరాబాద్‌లో కూర్చుని రేటు ఎప్పుడు పెరుగుతుందా అని చూస్తారు తప్ప సర్కారు తుమ్మ కొట్టించమంటే ఒక్కరూ ఫోన్ ఎత్తరు. దీపం లేదు, మనిషి లేడు, గంజాయి బ్యాచ్‌కి అంతకంటే ఏం కావాలి. మొదట బండ్లలో పెట్రోల్ పోయేది. తర్వాత బోరు మోటార్ల వైర్లు. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఆడపిల్లలు చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా రావడం మొదలుపెట్టారు, చీకటి పడితే వాళ్ళ నాన్నలు వచ్చి తీసుకుపోయేవాళ్ళు. కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇదంతా రైస్ మిల్లుల్లో పనిచేసే బిహార్ హమాలీల పనే అని తీర్పు ఇచ్చేశారు.

ఎండాకాలంలో ఒక రాత్రి వైరు కోస్తూ ఒకడు దొరికాడు. అరుపులు విని మేమంతా బయటికొచ్చేసరికి మగవాళ్ళు వాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి ఉన్నారు. బిహార్ కాదు, ఏమీ కాదు, పక్క గల్లీలో బట్టలు కుట్టే ఆమె కొడుకు, ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దెబ్బలు పడుతున్నా సరిగ్గా ఏడవడం లేదు, అది చూసి నాకు కాళ్ళు వణికాయి. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి "కొట్టకుర్రి సార్, మీ వైరు పైసలు నేను కడ్త" అని ఒక్కొక్కరి చేతులు పట్టుకుంటోంది. అప్పుడు ఎదురింటి పెద్దమ్మ, డెబ్బై దాటిన మనిషి, గుంపులోకి దూరి "ఈన్ని కొడితే ఏమొస్తది? ఈనికి అమ్మెటోడు ఎవడో అడుగుర్రి" అంది. అందరూ చల్లబడ్డారు. కట్లు విప్పి నీళ్ళు తాగించాక వాడే చెప్పాడు, ఫోన్ చేస్తే బండి మీద తెచ్చిస్తారట, పొట్లం ఐదు వందలట, డబ్బు లేని రోజు వైర్లట.

అమ్మేవాడు ఎవరో తెలిసినా పేరు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. అంతకుముందు మా వీధిలో ఒకాయన ఫిర్యాదు చేస్తే తెల్లారేసరికి ఆ అమ్మేవాళ్ళే ఆయన గేటు ముందు బండి ఆపి హారన్ కొట్టారు. పేరు ఎలా బయటికి పోయిందో నేను వేరే చెప్పాలా? అందుకే నేను గట్టిగా చెప్తాను, ఒంటరిగా వెళ్ళొద్దు. మేం కాలనీలో ఆడవాళ్ళందరితో సంతకాలు పెట్టించి, కాగితం తీసుకుని గుంపుగా స్టేషన్‌కి వెళ్ళాం. ఇంతమంది పేర్లుంటే ఎవరి గేటు ముందు హారన్ కొడతారు? తెలంగాణ పోలీసుల్లో మత్తుమందులను అడ్డుకునే విభాగం ఈగల్ వాళ్ళ 1908 నంబరుకు కూడా ఫోన్ చేశాం.

అమ్మేవాణ్ణి పట్టుకున్నా మళ్ళీ వచ్చేస్తాడు అని మీకు చెప్తారు, అది నిజమే. గంజాయి కిలో లోపు దొరికితే చట్టంలో అది చిన్న మొత్తం కిందే లెక్క, శిక్ష ఏడాదికి మించదు, 20 కిలోలు దాటితేనే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. అందుకే వీధుల్లో తిరిగేవాడు ఎప్పుడూ పొట్లాలే పెట్టుకుంటాడు. వాడు తిరిగొచ్చేలోపు మీరు వాడి అడ్డా లేకుండా చేయాలి. మేం చందాలు వేసుకుని జేసీబీతో తుమ్మ కొట్టించాం, కౌన్సిలర్ ఇంటి చుట్టూ తిరిగి లైట్లు వేయించాం. ఇప్పుడు సాయంత్రం ఆడవాళ్ళు అక్కడే కుర్చీలేసుకుని కూర్చుంటున్నారు. కెమెరాలు పెడితే చాలు అనేవాళ్ళ మాట నేను నమ్మను. చీకట్లో కెమెరాకి ఏం కనిపిస్తుంది?

పాలమూరులో మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో అల్ప్రాజోలం అనే నిద్రమాత్రల మందు కలిపిన కల్లు అలవాటైనవాళ్ళు అది దొరకని రోజు ఫిట్స్ వచ్చి పడిపోయేవాళ్ళు, దాన్ని మాత్రం ఎవరూ మత్తుమందు అనరు. గంజాయి తాగిన పిల్లాడి ఇంటికి పెళ్ళి పత్రిక కూడా ఇవ్వరు! ఈ వెలివేత వల్లే తల్లులు దాస్తున్నారు. కేసు పెడతారని ఆ కుట్టుపని ఆమె కూడా ఏడాదిగా దాచిపెట్టింది. నిజానికి తాగే అలవాటు ఉన్నవాళ్ళు తమంతట తాము ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు వెళ్ళి పూర్తి చేస్తే, తాగినందుకు ప్రాసిక్యూషన్ లేకుండా మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. ఈ మాట స్టేషన్ గోడ మీద రాయరెందుకు? నేను ఆమెను, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని నల్గొండ తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపించాను. మధ్యలో ఒకసారి మందులు మానేశాడు, మళ్ళీ వెళ్ళాం. ఇప్పుడు టైల్స్ పనికి పోతున్నాడు.

మీ వీధిలో కొంటున్న పిల్లలు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ముందు వాళ్ళ అమ్మలతో మాట్లాడండి, వాళ్ళ సంతకాలు కూడా పెట్టించండి. కాగితం ఎలా రాయాలో తెలియకపోతే అడగండి, మేం ఇచ్చిన దాన్ని పేర్లు తీసేసి పంపిస్తాను.