ఫోన్ లేనిదే ముద్ద దిగదు

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఫోన్ చూపిస్తేనే అన్నం తింటాడు. తీసేస్తే నేలమీద పడి దొర్లుతాడు. మా అత్తగారు "గుంటడిని ఏడిపించకు, ఇచ్చీ" అంటారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, అది పొగరు కాదు. ఆ వయసులో కోపాన్ని అదుపు చేసుకునే శక్తి ఇంకా రాదు, చెప్పుకోవడానికి మాటలూ చాలవు. అరగంట ఏడ్చాక ఫోన్ ఇస్తే మాత్రం, అరగంట ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటాడు.

విజయనగరం గంటస్తంభం దగ్గర బొమ్మల బండి ముందు మా మనవడూ ఇలాగే పడి దొర్లాడు. నలుగురూ చూస్తున్నారని నాకు చెమటలు పట్టాయి. పక్కనే గొంతుక్కూర్చుని "ఆ ఎర్ర బస్సు కావాలి కదా, కోపం వచ్చింది కదా" అన్నాను. కొనలేదు, కొట్టలేదు. చాలాసేపటికి వెక్కుతూ వచ్చి నా భుజంమీద తల పెట్టాడు. ఆ బరువు నాకింకా గుర్తే.

ముందు అత్తగారితో ఒక మాట అనుకోండి. ఒకరు కాదన్నది ఇంకొకరు ఇస్తే ఏదీ నిలవదు. భోజనాల వేళ పెద్దవాళ్ల ఫోన్లు కూడా పక్క గదిలో పెట్టండి. వాడి కంచంలో పప్పన్నం చిన్న ముద్దలు చేసి పెట్టి, వాడి చేత్తోనే తిననివ్వండి, ఒలికినా సరే. ఇరవై నిమిషాలకు తినకపోతే తిట్టకుండా కంచం తీసేయండి. మధ్యలో బిస్కట్లు వద్దు. మొదట్లో ఏడుపు ఇంకా పెరుగుతుంది, భయపడకండి.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బరువు తగ్గుతున్నా, పిలిస్తే పలకకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.