పూలు, ముళ్ళు, జిగురు చుక్కలు: మీ ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొక్కల ఫోటోల గురించీ, బొమ్మల గురించే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి నలుగురికీ పనికొచ్చేవి తీసుకున్నాను. ఏ కెమెరా కొనాలి అని అడిగినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, ఆ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను, చేతిలో ఉన్న ఫోనుతోనే బోలెడు పని అవుతుంది.

ప్రశ్న: మా మేడ మీద కుండీలో బ్రహ్మకమలం మొగ్గలు వేసిందండీ. పోయినసారి రాత్రిపూట ఫోనుతో తీస్తే పువ్వంతా తెల్లటి ముద్దలాగా వచ్చింది, రేకులే కనపడలా. ఫ్లాష్ వేస్తే ఇంకా ఘోరం. ఎట్టా తీయాలి?
(ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: ముందు ఆ ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా పడే వెలుతురు రేకుల మధ్య నీడల్ని మింగేస్తుంది, నీడ లేకపోతే తెలుపులో ఆకారం తెలియదు. ఇంకో ఫోన్లో టార్చి వేసి, దాని ముందు ట్రేసింగ్ పేపరో బటర్ పేపరో అడ్డం పెట్టి, పువ్వుకి పక్కగా, కాస్త వెనకగా పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. రేకులు పల్చన కాబట్టి వెలుతురు వాటిలోంచి ఇవతలికి వస్తుంది, సన్నటి ఈనెలు కూడా కనిపిస్తాయి.

తెల్లముద్ద ఎందుకు వచ్చిందంటే, చుట్టూ చీకటి కదా, ఫోను ఆ చీకటినంతా లెక్కేసుకుని ఫోటో మరీ నల్లగా వస్తుందేమోనని మొత్తం వెలిగించేస్తుంది. తెర మీద పువ్వుని వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, రేకుల మీద గీతలు కనపడేదాకా దాన్ని కిందికి లాగండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించి మొదలుపెట్టండి. పగటిపూట తెల్ల గోడ ముందు నందివర్ధనం తీసేటప్పుడు సరిగ్గా తలకిందులు చేయాలి, అప్పుడు కెమెరా తెలుపుని బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి పెంచాలి.

పువ్వు చీకటి పడ్డాక విచ్చడం మొదలుపెట్టి అర్ధరాత్రికి అటూ ఇటూగా పూర్తిగా తెరుచుకుని తెల్లారేసరికి వాలిపోతుంది. వీడియో కావాలంటే ఫోను స్టాండు మీద కదలకుండా పెట్టి, ఫోకసూ వెలుతురూ లాక్ చేసి, 30 సెకన్లకి ఒక ఫోటో చొప్పున 5 గంటలు తీయండి. 600 ఫోటోలు వస్తాయి, సెకనుకి 24 చొప్పున ఆడిస్తే 25 సెకన్ల వీడియో. ఛార్జర్ పెట్టే ఉంచండి.

ఇంకొక్క మాట. అందరూ పువ్వుని ముఖం మీదే తీస్తారు. ఇది కాక్టస్ జాతి మొక్క, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లని పట్టుకుని పెరుగుతుంది. మనం ఆకు అనుకునేది నిజానికి బల్లపరుపుగా మారిన కాండం, దాని అంచున ఉన్న గాట్లలోంచి పువ్వు పుడుతుంది. ఒక ఫోటో పక్క నుంచి తీసి ఆ గాటూ, పొడుగాటి పూగొట్టమూ, వెనక ఉన్న గోధుమ గులాబీ రంగు రేకులూ చూపించండి. ఆ మొక్కని ఎన్నడూ చూడనివాడికి కూడా అది ఏమిటో తెలిసేది ఆ ఫోటోతోనే.

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద జెముడు తీసి ‘కాక్టస్’ అని పేరు పెట్టి ఒక పోటీకి పంపితే, అది కాక్టసే కాదని పక్కన పెట్టారు. ముళ్ళున్నాయి, రసం నిండిన కొమ్మలున్నాయి, ఇంకేం కావాలి?
(డిగ్రీ విద్యార్థి, కనిగిరి)

జవాబు: వాళ్ళు చేసింది న్యాయమే. మీరు పంపిన ఫోటోలో కొమ్మలు మూడు పలకలుగా ఉన్నాయి, ముళ్ళు జంటలు జంటలుగా ఉన్నాయి, అది యూఫోర్బియా. మన ఆముదం చెట్టుకి చుట్టం. నీళ్ళు దొరకని చోట బతకాల్సి వచ్చి రెండు వేరు వేరు కుటుంబాలు ఒకే రూపానికి వచ్చాయి, అంతే. కాక్టస్ అయితే ప్రతి ముళ్ళ గుత్తికీ అడుగున నూగుతో చిన్న మెత్త లాంటిది ఉంటుంది, ముళ్ళూ పూలూ అందులోంచే వస్తాయి, దాన్ని ఏరియోల్ అంటారు. మీ చేల గట్ల మీద నాగజెముడు దగ్గరికి వెళ్ళి చూడండి, వెంటనే దొరుకుతుంది. నాగజెముడు అసలైన కాక్టసే, కానీ ఇక్కడిది కాదు. కాక్టస్ కుటుంబం అంతా అమెరికా ఖండాలది, ఒక్క రిప్సాలిస్ మాత్రమే ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ కూడా సహజంగా పెరుగుతుంది.

జాగ్రత్త, యూఫోర్బియా కొమ్మ విరిగితే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఫోటోకి అడ్డం వచ్చిందని కొమ్మ విరిచే అలవాటు ఉంటే మానుకోండి. నాగజెముడుకి పాలు ఉండవు గానీ, పెద్ద ముళ్ళ అడుగున కంటికి ఆనని నూగుముళ్ళు వేళ్ళలో దిగితే రెండు రోజులు మనశ్శాంతి ఉండదు.

ముళ్ళు ఫోటోలో స్పష్టంగా రావాలంటే, సాయంత్రం సూర్యుడు మొక్క వెనక ఉండేలా నిలబడండి, ప్రతి ముల్లూ అంచు వెలిగి విడిగా కనపడుతుంది. కుండీ మొక్క అయితే వెనకాల మార్కాపురం పలక ఒకటి ఆనించండి. మెరుపు లేని నలుపు కాబట్టి తెల్ల ముళ్ళు దాని మీద బ్రహ్మాండంగా కనిపిస్తాయి. చీమకుర్తి గ్రానైట్ ముక్క మాత్రం వద్దు, ఆ నున్నటి మెరుపూ బంగారు చుక్కలూ మొక్క మీది చూపుని లాగేస్తాయి.

ప్రశ్న: నాగజెముడు మీద తెల్లటి దూదిలాంటిది కనపడితే నలిపి చూశాను, వేలికి రక్తంలాగా ఎర్ర రంగు అంటింది. దాంతో బొమ్మలు వేయొచ్చా?
(డ్రాయింగ్ టీచరు, ఉదయగిరి)

జవాబు: వేయొచ్చు, కానీ గోడకి తగిలించే బొమ్మకి వద్దు.

ఆ దూది కింద ఉండేది కోచినీల్ పురుగు. దానికి పెద్ద కథే ఉంది మాస్టారూ. మెక్సికోలో ఈ పురుగుని పెంచి తీసే కార్మైన్ ఎరుపు ఒకప్పుడు యూరప్‌లో మహా ఖరీదైన రంగు, వ్యాపారం స్పెయిన్ చేతుల్లో ఉండేది. ఆ లాభం తనకీ రావాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది, 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఇందుకోసమే నాగజెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది, తీరా చూస్తే అది మంచి రంగిచ్చే జాతి కాదు, నాసిరకం రంగిచ్చే దాని చుట్టం. రంగు వ్యాపారం అట్టా మునిగింది గానీ, ఆ పురుగు ఒక రకం నాగజెముడుని ఊళ్ళకి ఊళ్ళే తినేసింది. ఇంకో రకం నాగజెముడు పొలాలని కమ్మేసినప్పుడు 1926లో శ్రీలంక నుంచి మరో కోచినీల్ జాతిని కావాలనే తెచ్చి వదిలారు, అదీ బాగా పనిచేసింది. అంటే మీ వేలికి అంటింది కూడా రంగుకి పేరుపడ్డ అసలు జాతిది కాదు.

పురుగుల్ని గీకి, ఆరబెట్టి, నూరి, వేడినీళ్ళలో నానబెట్టి వడగట్టండి, చిటికెడు పటిక వేస్తే రంగు తేరుకుని ఎర్రబడుతుంది. ఎండకి మాత్రం ఆగదు. మీ పిల్లల చేతే పరీక్ష చేయించండి, కాగితం మీద ఒక పట్టీ పూసి, సగం అట్టముక్కతో మూసి, కిటికీలో పెడితే కొన్ని వారాలకి తేడా వాళ్ళకే తెలుస్తుంది. మూసి ఉంచే స్కెచ్ పుస్తకంలో అయితే హాయిగా వాడుకోండి. నిలిచే ఎరుపు కావాలంటే ట్యూబు మీద క్వినాక్రిడోన్ అని ఉన్నది కొనండి.

ప్రశ్న: సముద్రం వైపు సరుగుడు తోటల పక్కన తడి ఇసుకలో రూపాయి బిళ్ళంత ఎర్ర మొక్కలు కనపడ్డాయి, ఆకుల నిండా మంచు బిందువుల్లాంటివి, మధ్యాహ్నానికి కూడా ఆరలేదు. ఫోటోలో ఎర్రటి మరకలాగా వచ్చాయి. ఇవి ఏమిటి, ఎట్టా తీయాలి?
(ప్రైవేటు ఉద్యోగి, కావలి)

జవాబు: మధ్యాహ్నానికి ఆరలేదు అనే మాటతోనే నాకు సంతోషమేసింది, ఎందుకంటే మీరు సరైనది గమనించారు. అవి మంచు కాదు, జిగురు. స్కూల్లో కీటకాహార మొక్కల పాఠంలో చదువుకున్న డ్రాసిరా అది, మీ వర్ణనని బట్టి డ్రాసిరా బర్మాని. నత్రజని లేని నేలలో పుట్టింది కాబట్టి ఆ లోటు దోమలతోనూ చీమలతోనూ పూడ్చుకుంటుంది. మన వైపు కార్తీకం వానలు పడి నేల చెమ్మగా ఉన్నన్నాళ్ళూ ఉండి, ఎండలు ముదిరేసరికి గింజ రాల్చి మాయమైపోతుంది.

నిలబడి పైనుంచి తీస్తే మరకే వస్తుంది. గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకోండి, లెన్సు మొక్క ఎత్తుకి దిగాలి. సూర్యుడు అటువైపు తక్కువ ఎత్తులో ఉండగా, అంటే పొద్దున్నే, ఎదురు వెలుతురులో తీస్తే ప్రతి జిగురు చుక్కా వెలుగుతుంది. ఫోనుకి తగిలించే మాక్రో లెన్సు చాలు. అంత దగ్గరలో ఫోకస్ ఉండేది మిల్లీమీటరు మందమే కాబట్టి చేత్తో ఫోకస్ వెతక్కుండా, ఒంటిని ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊపుతూ వరసగా తీసి మంచిది ఏరుకోవడం మేలు. కెమెరా ఉన్నవాళ్ళు లెన్సు రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆపండి, అంతకన్నా మూస్తే ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది గానీ ఫోటో మొత్తం మెత్తబడుతుంది. వెలుతురు ఎక్కువైతే ఎరుపులో గీతలన్నీ త్వరగా చెరిగిపోయి ముద్దైపోతుంది, అందుకే మీకు మరక వచ్చింది, వెలుతురు కాస్త తగ్గించి తీయండి.

దయచేసి నీళ్ళు చిలకరించకండి, జిగురు కొట్టుకుపోతుంది. చీమని పట్టి వేసి వీడియో తీసేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు. ఈ జాతి అంచు నూగు సెకన్లలోనే ముడుచుకుంటుంది, ఓపిగ్గా కూర్చుంటే దానంతట అదే జరుగుతుంది. పీకి ఇంటికి తెచ్చుకోవద్దు, మీ కుండీలో బతకదు. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి.

అక్కడే గడ్డిలో అగ్గిపుల్ల అంత కాడ మీద బుల్లి పసుపు పచ్చ పూలో ఊదా పూలో కనిపిస్తే వాటినీ వదలొద్దు, యుట్రిక్యులేరియా అనే ఇంకో కీటకాహార మొక్క కావచ్చు. దాని వల మట్టిలోనో నీళ్ళలోనో ఉండే చిన్న సంచి, మిల్లీసెకను కన్నా తక్కువ వ్యవధిలో పురుగుని లోపలికి పీల్చేస్తుంది. అది మన ఫోన్లకి అందదు, గీయాల్సిందే. డార్విన్ 1875లో ఈ మొక్కల మీద రాసిన పుస్తకంలో డ్రాసిరా బొమ్మలు ఒక కొడుకు జార్జ్ గీశాడు, యుట్రిక్యులేరియావి ఇంకో కొడుకు ఫ్రాన్సిస్ గీశాడు. రంగు లేని ఆ బొమ్మల్లో ప్రతి నూగూ లెక్కపెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్ తెప్పించాం. మా బాబు వీడియోల కోసం పుల్లతో పొడుస్తున్నాడు, ఆకులు నల్లబడుతున్నాయి.
(ఒక తల్లి, ఒంగోలు)

జవాబు: ముందు పుల్ల లాక్కోండి. లోపలి వెంట్రుకల్ని దాదాపు 20 సెకన్ల లోపు రెండుసార్లు తాకితే మూసుకుంటుంది, ఊరికే మూయిస్తే శక్తి వృథా, కొన్నిసార్లయ్యాక ఆ నోరు ఇక పనిచేయదు. ఒక్కసారి స్లో మోషన్‌లో తీసుకుని వదిలేయమనండి. బోరు నీళ్ళు పోస్తుంటే అదే అసలు విషం, వాననీళ్ళో ఆర్వో నీళ్ళో పోయండి, ఎరువు వద్దు. అమెరికాలోని నార్త్, సౌత్ కరోలినా రాష్ట్రాల తడినేలల మొక్క, చలికాలం నిద్రపోయే జాతి, మన మే నెలలో నిలవడం కష్టమే.

ప్రశ్న: నేను పూల బొమ్మలు ఫోటో చూసి వేస్తాను. అట్టా వేస్తే బొటానికల్ ఆర్ట్ (శాస్త్రానికి పనికొచ్చేలా కచ్చితంగా వేసే మొక్కల బొమ్మ) కాదని ఒకరు అన్నారు. అసలు ఇది తెల్లవాళ్ళ విద్య కదా, మనకెందుకు ఇన్ని రూల్సు?
(యువ చిత్రకారిణి, ఒంగోలు)

జవాబు: రెండో దానికి ముందు చెప్తాను. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త మన కోరమండల్ తీరం మొక్కల మీద రాసిన, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన పుస్తకంలో 300 రంగుల బొమ్మలున్నాయి. ఆయన చాలాకాలం సామర్లకోటలో ఉన్నాడు, చాలా మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. బొమ్మలు వేసింది మాత్రం ఇక్కడి చిత్రకారులు, వాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో లేవు. తర్వాత మద్రాసులో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్త దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందుల పేర్లు మాత్రం నిలిచాయి, వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. ఈ పుస్తకాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. పేజీ అడుగున పువ్వుని విప్పి, కేసరాలూ అండాశయమూ విడివిడిగా ఎట్టా గీశారో చూడండి. తెల్లవాళ్ళ విద్య అని ఆ తర్వాత అనండి చూద్దాం.

ఇక ఫోటో. తోడుగా పెట్టుకోండి, దాన్నే నమ్ముకోవద్దు. ఫోను దగ్గరగా పెట్టి తీస్తే ముందున్న రేకు ఉబ్బుతుంది, వెనకది కుంచించుకుపోతుంది, మీరు ఆ తప్పుని శ్రద్ధగా నకలు చేస్తారు. కాస్త దూరం జరిగి జూమ్ చేసి తీస్తే కొంత నయం. మీరు పంపిన అడవినాభి బొమ్మ చూశాను, రంగులు బాగున్నాయి, కానీ కేసరాలు ఐదే వేశారు, ఆరుండాలి. కీలం అడుగు నుంచే పక్కకి వంగి ఉంటుంది, మీరు నిటారుగా వేశారు, మీ ఫోటోలో అది రేకు వెనక దాగి ఉండుంటుంది. ఆకు కొస తీగలాగా చుట్టుకోవడం అసలు వదిలేశారు. వానాకాలంలో కంచెల మీద పూసినప్పుడు ఒక కొమ్మ సీసాలో పెట్టుకుని, జామెట్రీ పెట్టెలోని డివైడర్‌తో రేకు పొడవు కొలిచి అంతే పొడవు కాగితం మీద పెట్టండి. రేకులు మొదట పసుపుగా ఉండి తర్వాత ఎర్రబడతాయి కాబట్టి రంగు పట్టీ మొదటి రోజే పూసి పక్కన తేదీ రాసుకోండి. దుంపతో సహా మొక్కంతా విషమే, చేతులు కడుక్కోకుండా కుంచె నోట్లో పెట్టుకోవద్దు.

ప్రశ్న: నర్సరీలో కొన్న చిన్న కాక్టస్‌కి ఎప్పుడు చూసినా ఒకే పువ్వు, వాడదు. అద్భుతం అనుకుని రోజూ ఫోటో తీస్తున్నా.
(నెల్లూరు నుంచి ఒకరు)

జవాబు: పువ్వు అడుగున చూడండి, గన్‌తో వేసిన జిగురు కనపడుతుంది. ఎండబెట్టినా రంగు పోని స్ట్రాఫ్లవర్ అనే పువ్వుని అతికించి అమ్ముతారు. మెల్లగా ఊడదీసేయండి, ఊడి రాకపోతే బలవంతం చేయొద్దు, మొక్క పెరిగేకొద్దీ అదే వదులుతుంది.