సూపర్‌కార్‌ను ట్రాక్ మీద నడిపితే ఖర్చు ఎక్కడ పడుతుంది?

ప్రశ్న: నల్లగొండలో ఉంటా. సూపర్‌కార్ కొని అప్పుడప్పుడూ ట్రాక్ మీద నడపాలని ఉంది. కొన్న ధర కాక ఇంకేం భారం పడుతుంది?

జవాబు: ముందు టైర్లు, బ్రేకులు. మిర్యాలగూడ రోడ్డు మీద ఏళ్లపాటు వచ్చే టైర్లు ట్రాక్ మీద కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. గంటకు 250 కి.మీ. నుంచి 80కి మళ్లీ మళ్లీ తగ్గిస్తుంటే ఆ వేగమంతా వేడిగా మారి బ్రేక్ డిస్కుల్లోకే పోతుంది. ఆ వేడికి బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే ద్రవం) మరిగిందంటే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. కాబట్టి వెళ్లే ముందు కొత్త ఫ్లూయిడ్ పోయించండి, ఇందులో పొదుపు వద్దు. కార్బన్ సిరామిక్ డిస్కులైతే మార్చడానికి లక్షల్లోనే అవుతుంది.

ట్రాక్ దాకా కారును తీసుకెళ్లే ఖర్చు వేరే. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉన్న ట్రాక్ పొడవు సుమారు 3.7 కి.మీ. అద్దంకి మీదుగా అక్కడిదాకా లారీ కిరాయి కలుపుకోండి.

చాలామంది మరిచిపోయేది బీమా. మామూలు మోటార్ పాలసీలు రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లో జరిగే నష్టానికి వర్తించవు. గోడకు తగిలితే బిల్లంతా మీదే. కంపెనీని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అంత దెబ్బ తట్టుకునే డబ్బు పక్కన లేకపోతే, ముందు రేసింగ్ శిక్షణ ఇచ్చేవాళ్ల కార్లలోనే నేర్చుకోండి.