చిన్న ఫ్యాక్టరీలో లీన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ముప్పై మంది ఉన్న యూనిట్‌లో లీన్‌ని (పనిలో వృథా తగ్గించే పద్ధతి) 5ఎస్‌తో, అంటే పనిచేసే చోటు సర్ది శుభ్రంగా ఉంచుకోవడంతో, మొదలుపెట్టమంటున్నారు, సరేనా అని అడిగారు. మేం అలాగే మొదలుపెట్టి కొన్ని నెలలు పోగొట్టుకున్నాం, అందుకే రాస్తున్నాను.

నేను రేకుల్ని ప్రెస్ మెషీన్‌తో కొట్టి పీసులు చేసే ఒక చిన్న షాపులో ప్రొడక్షన్ చూసేవాణ్ణి. మొదటి నెలంతా నేల మీద పసుపు గీతలు, గోడలకు బోర్డులు. చూడ్డానికి బాగానే ఉంది. డెలివరీలు మాత్రం ఎప్పట్లాగే ఆలస్యం. మూడో నెలకల్లా ఆ గీతల మీదే తయారైన పీసుల బిన్నులు పేరుకున్నాయి. అవి ఎక్కడ పెట్టాలో ఆలోచించాం గానీ అసలెందుకు పేరుకుంటున్నాయో అడగలేదు.

ఒకరోజు ప్రెస్ పక్కనే నిలబడి డై (పీసుకి ఆకారమిచ్చే అచ్చు) మార్చడం మొత్తం టైముతో సహా రాసుకున్నాను. పాత డై దింపి, కొత్తది ఎక్కించి, మొదటి మంచి పీస్ వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు. అందులో స్పానర్ తిరిగింది అరగంట కూడా లేదు. మిగతాదంతా బోల్టులు వెతకడం, డై కింద పెట్టడానికి సరిపడే మందం ముక్క కోసం తిరగడం, డైని ఎత్తే హాయిస్ట్ ఖాళీ అయ్యేదాకా ఆగడం. ఇంత తతంగం కాబట్టి ఒకసారి ఎక్కించిన డైతో వారానికి సరిపడా కొట్టేసేవాళ్లం. బిన్నుల రహస్యం అదీ!

జపాన్ ఇంజినీరు షిగెయో షింగో 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ సెట్టింగ్‌ని నాలుగు గంటల నుంచి గంటన్నరకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు దించాడు. కిటుకు ఏంటంటే, మెషీన్ ఆపితే తప్ప కుదరని పనుల్ని, అది నడుస్తుండగానే చేసుకోగలిగిన వాటి నుంచి విడదీయడం. మేం కూడా తర్వాతి డై, బోల్టులు, స్పానర్ ముందే ట్రాలీలో సిద్ధం చేసుకున్నాం. డైలన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా అడుగున ప్లేట్లు బిగించాం, ఇది మా ఆపరేటర్ ఐడియానే. ముప్పై అయిదు నిమిషాలకు వచ్చింది.

అక్కడే ఇంకో పొరపాటు. మిగిలిన టైములో ఓనర్ ఇంకా ఎక్కువ పీసులు కొట్టించారు, స్టాక్ పెరిగింది! టయోటా ఉత్పత్తి పద్ధతిని రూపొందించిన టయిచి ఓనో చెప్పిన ఏడు వృథాల్లో అవసరానికి మించి తయారుచేయడమే అన్నిటికన్నా చెడ్డది. అదే టైములో ఇప్పుడు దాదాపు మూడుసార్లు డై మార్చుకోవచ్చు కదా అని లెక్క చూపించాక, లాట్‌ని, అంటే ఒక్కసారి కొట్టే సరుకుని, రెండు రోజుల పనికి తగ్గించడానికి ఒప్పుకున్నారు. బిన్నులు అప్పుడు తగ్గాయి. ఒకసారి పీసుల అంచుల్లో బర్ (గరుకు ముళ్లు) వస్తే రెండు రోజుల సరుకే స్క్రాప్ అయింది. పాత పద్ధతైతే వారం సరుకు పోయేది.

మీ దగ్గర ప్రెస్ లేకపోతే, పని ఎక్కువగా ఆగిపోయే మెషీన్ ఏదో చూసి దాంతో మొదలుపెట్టండి. ఏది ఎప్పుడు ఎంత తయారుచేయాలో చెప్పే కాన్‌బాన్ కార్డుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. కాగితం పట్టుకుని నిలబడేముందు ఎవరి ఉద్యోగమూ పోదని ఓనర్ చేత చెప్పించండి. నేను చెప్పించలేదు, మా ఫిట్టర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.