మారుతి 800కి పాత రిమ్ములు, టైర్లు

ప్రశ్న: 2006 మోడల్ మారుతి 800 కొని బాగు చేయించుకుంటున్నాను. ఇంజన్ పని అయింది. రిమ్ములు తుప్పు పట్టాయి, టైర్లు పనికిరావు. సెకండ్ హ్యాండ్‌లో ఏవి కొనవచ్చు? స్విఫ్ట్ అల్లాయ్ వీల్స్ చవగ్గా వస్తున్నాయి, సరిపోతాయా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: స్విఫ్ట్‌వి సరిపోవు. మీ కారు పీసీడీ (నట్టు రంధ్రాల మధ్యలన్నీ కలిపే వలయం వ్యాసం) 114.3 మి.మీ., దానిది 100. రంధ్రాలు సాగదీసి బిగిస్తామనే వాళ్లుంటారు, ఒప్పుకోకండి. నట్టు కూర్చునే వాలు పోయి చక్రం వదులవుతుంది. కొనేముందు టేపుతో కొలవండి: ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి దానికి ఎదురు రంధ్రం ఎడమ అంచు దాకా 114 పైచిలుకు రావాలి.

మా సలహా: రిమ్ములు పాతవి కొనండి, టైర్లు మాత్రం కొత్తవి వేయించండి. 12 అంగుళాల టైరు కార్ల టైర్లన్నిటిలో చవకైన రకం. పాతది కొంటే మిగిలేది కొంచెమే.

విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే. తుక్కు చేసిన మారుతి 800, పాత ఆల్టోల ఇనుప రిమ్ములు అడగండి. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకేసారి బేరమాడండి. నట్టు రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ రిమ్ము వద్దు, వదులు నట్లతో తిరిగిన బండిది. అంచు వంకర కంటికి ఆనదు కాబట్టి బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి చూడండి. టైరు కూర్చునే చోట తుప్పు పొరలుంటే గాలి నిలవదు, వైరు బ్రష్‌తో గీకి ప్రైమర్ కొట్టాలి. నట్టు కూర్చునే చోట, హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) ఆనే ముఖం మీద మాత్రం రంగు మందంగా వేయొద్దు. అది నలిగి నట్లు వదులవుతాయి. బిగించాక 50–100 కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి బిగించుకోండి.

డబ్బు బొత్తిగా చాలక పాత టైరే కొంటే పక్కగోడ మీది నాలుగంకెలు చూడండి. 3221 అంటే 2021లో 32వ వారం తయారీ. ఐదేళ్లు దాటితే వదిలేయండి. నల్లరంగు నిగనిగకు మోసపోకుండా, రిమ్ము మీద నుంచి విప్పించి లోపల చెయ్యి పెట్టి తడమండి. పక్కగోడకు ప్యాచ్, ఉబ్బు ఉంటే వద్దు. గాడి లోతు 1.6 మి.మీ. చట్టం చెప్పే కనిష్ఠం, 4 మి.మీ. లేని టైరుకు డబ్బు పెట్టడం దండగ.

ప్రశ్న: ఆల్టో 145/80 ఆర్12 టైరు దీనికి వేయొచ్చా?
– అదే పాఠకుడు

జవాబు: రిమ్ముకు ఎక్కుతుంది. కాకపోతే మీ కారు అసలు సైజు 145/70 (వెడల్పు 145 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం)తో పోలిస్తే టైరు వ్యాసం 508 నుంచి 537 మి.మీ.కు పెరుగుతుంది. మీటరు 60 చూపితే బండి 63 మీద ఉంటుంది. మనుషుల్ని ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాకే వాడండి. ముందు చక్రాలు రెండూ ఒకే సైజు ఉండి తీరాలి, లేకపోతే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) అరిగిపోతుంది.