డాక్టర్ సలహా: షుగర్ ఉంటే ఆదివారం పూరీ కూర మానేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో ఆరుగురం. ఎన్నో ఏళ్లుగా ఆదివారం టిఫిన్ అంటే పూరీ, బంగాళాదుంప కూరే. మావారికి 52 ఏళ్లు. నాలుగేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6 వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నార్మల్. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన మాత్ర, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నారు. దుంపలు పూర్తిగా మాన్పించమని చుట్టాలందరూ చెబుతున్నారు. ఆయనకు విడిగా ఓట్స్ ఉప్మా చేసి పెడితే ముఖం మాడ్చుకుంటున్నారు. ఆదివారం టిఫిన్ అయ్యేసరికి పదిన్నర అవుతుంది. ఈలోపు అందరి మీదా చిరాకు పడతారు, ఒకసారి చెమటలు కూడా పట్టాయి. మాత్ర మాత్రం రోజూలాగే ఏడున్నరకే వేసుకుంటారు. మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. దుంప తింటే మోకాళ్లకు వాతం అంటారు. అందరం కలిసి తినేలా ఈ కూర చేసుకునే దారి ఉందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దారి ఉందమ్మా. కూర సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు పైపైన చెప్పి వదిలేసిన ఆ చిరాకు, చెమటల గురించి మాట్లాడాలి.

మీవారి మాత్రలో ఉన్న గ్లిమిపిరైడ్, తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. అందుకే దాన్ని మొదటి భోజనంతో గానీ, దానికి కాస్త ముందు గానీ వేసుకోమంటాం. ఏడున్నరకు మాత్ర వేసుకుని పదిన్నరకు తింటే మధ్యలో మూడు గంటలు ఖాళీ కడుపు. అప్పుడు షుగర్ పడిపోతే చిరాకు, చెమటలు, చేతుల వణుకు, గుండెదడ వస్తాయి. మీరు అలక అనుకుంటున్నది కొన్ని ఆదివారాల్లో షుగర్ పడిపోవడమే అయ్యుండొచ్చు. ఈసారి అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక నుంచి ఆదివారం మాత్ర పూరీ పళ్లెం సిద్ధమయ్యాకే. చెమటలు పట్టిన విషయం ఆయనను చూసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మాత్ర మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది వారు చూస్తారు, మీరుగా ఆపేయవద్దు.

ఇప్పుడు దుంప. ఉడికించిన బంగాళాదుంప వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. మామూలు సైజు పూరీ ఒక్కోదాంట్లో సుమారు 15. నాలుగు పూరీలు, 150 గ్రాముల దుంప ఉన్న కూర తింటే మొత్తం 90 గ్రాముల దాకా వెళుతుంది. ఇది పెద్ద పళ్లెం అన్నం తిన్నంత. ఇందులో 60 గ్రాములు పూరీలవే, పైగా అవి నూనెలో వేగినవి. తిట్లన్నీ దుంపకే పడుతున్నాయి గానీ, అసలు బరువు పూరీదే. దుంపలో విటమిన్ సి, పొటాషియం ఉన్నాయి, తొక్కతో ఉడికిస్తే అవి నీళ్లలోకి తక్కువగా పోతాయి.

ఓట్స్ ఉప్మాకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఐదుగురు పూరీలు తింటుంటే ఒక్కడికి వేరే గిన్నె పెట్టే పద్ధతి ఎక్కువ రోజులు నడవదు. రెండో నెలకల్లా ఆ మనిషి వీధి చివర హోటల్లో కనిపిస్తాడు. అందుకే కూరనే మార్చి అందరికీ అదే వడ్డించండి.

ఆరుగురికి అర కిలో దుంపలు చాలు. శనివారం రాత్రే తొక్కతో కుక్కర్లో ఉడికించి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడినప్పుడు దుంపలోని పిండిపదార్థంలో కొంత భాగం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది, మళ్లీ వేడిచేసినా అది పూర్తిగా పోదు. లాభం కొద్దిగానే. దీన్ని నమ్ముకుని దుంపలు రెట్టింపు చేయకండి. పొద్దున బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, జీలకర్రతో తాలింపు పెట్టండి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక నాలుగు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా తరిగి వేసి మెత్తబడనివ్వండి. పసుపు, పెద్ద కప్పు పచ్చి బఠాణీలు, రెండు క్యారెట్లు, రెండు గ్లాసుల నీళ్లు పోసి ఉడికాక, దుంపలు చేత్తో చిదిమి వేయండి. రెండు చెంచాల శనగపిండి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా సన్న సెగన ఉంచండి. శనగపిండి, ఉల్లిపాయలే చిక్కదనం ఇస్తాయి కాబట్టి దుంప తగ్గినట్టు ఎవరికీ తెలియదు (నిజం చెప్పాలంటే హోటల్ పూరీ కూర కిటుకూ ఇదే).

ఉప్పు మొత్తం కూరకు ఒక టీ స్పూను. దించాక నిమ్మకాయ పిండితే తక్కువైనట్టు అనిపించదు. మనిషికి రోజంతా కలిపి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక టీ స్పూను. కాబట్టి ఈ పూట పక్కన ఆవకాయ వద్దు. బీపీకి మంచిదని ఎవరైనా తక్కువ సోడియం ఉప్పు కొనమంటే మాత్రం ఆగండి. అలాంటి ఉప్పుల్లో చాలా రకాల్లో పొటాషియం కలిపి ఉంటుంది. టెల్మిసార్టన్ కూడా రక్తంలో పొటాషియంను పెంచగలదు, రెండూ కలిస్తే అది మితిమీరవచ్చు. కూరలోని దుంపతో ఆయనకు ఇబ్బంది లేదు, కిడ్నీలు బాగున్నాయి కదా. కిడ్నీ జబ్బు ఉన్నవారి లెక్క వేరు, వాళ్లు దుంప గురించి తమ డాక్టర్నే అడగాలి.

పూరీలకు ఒక ఇంటి నియమం పెట్టండి: ఎవరికైనా రెండే, మూడోది కావాలంటే పుల్కా. నూనె బాగా కాగాకే పూరీ వేయండి, లేకపోతే పీల్చుకుంటుంది. మిగిలిన నూనెను వచ్చే ఆదివారం మళ్లీ కాచవద్దు. మీవారు ముందు ఒక ఉడికించిన గుడ్డు, కాసిన్ని కీరా ముక్కలు తిని, ఆ తర్వాత పూరీ మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. గుడ్డు తినకపోతే ఒక కప్పు పెరుగు. పూరీ విసుగనిపించిన వారం ఇదే కూరను పెసరట్టులో పెట్టి చూడండి. నా ఓటు దానికే.

అత్తయ్యగారి మోకాళ్ల నొప్పికి దుంప కారణమని చెప్పే ఆధారం లేదు. ఆ వయసులో అది ఎక్కువగా కీళ్ల అరుగుదల వల్ల వస్తుంది. ఆవిడకు ఇష్టముంటే హాయిగా తినమనండి. పచ్చరంగు తిరిగిన దుంపలు, బాగా మొలకలొచ్చిన దుంపలు మాత్రం ఎవరికీ వండవద్దు. వాటిలోని విషపదార్థం ఉడికించినా పోదు.

రెండు ఆదివారాలు మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి సరిగ్గా రెండు గంటలకు షుగర్ చూసి రాసి పెట్టుకోండి. 180 లోపు ఉంటే ఇలాగే కొనసాగించండి. దాటితే ముందు ఒక పూరీ తగ్గించి, మూడో ఆదివారం మళ్లీ చూడండి. కూర జోలికి అప్పుడే వెళ్లకండి.